సిపాయి బాకీ తీర్చేదెప్పుడు?

తాడేపల్లిగూడెంలో విమానాశ్రయ భూములు ఎక్కడని అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం అక్కడ రన్‌వే వేసింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాక తూర్పు తీరమంతా ఎంత హడలిపోయిందో పెద్దల నోట విన్నవాళ్లు గోదావరి జిల్లాల్లో ఇంకా ఉన్నారు. యుద్ధం ముగిసింది, సైన్యం వెళ్లిపోయింది, భూమి మిగిలింది. భూమి ఊరికే మిగిలిన చోట మన దగ్గర ఏం జరుగుతుందో ఇక్కడా అదే జరిగింది. ఆక్రమణలు వచ్చాయి, వివాదాలు వచ్చాయి, ప్రభుత్వం మారినప్పుడల్లా ఓ కొత్త ప్రతిపాదన వచ్చింది. 2015లో ఆ భూముల దాపునే జాతీయ సాంకేతిక విద్యాసంస్థ నిట్‌కు శంకుస్థాపన చేశారు, 172 ఎకరాలకు పైగా ప్రాంగణం ఏర్పడింది. 2024లో రాష్ట్ర ప్రభుత్వం ప్రతిపాదించిన కొత్త విమానాశ్రయాల జాబితాలో తాడేపల్లిగూడెం పేరు మళ్లీ ఎక్కింది.

నిట్ రావడం మంచిదే. విమానాశ్రయం వస్తే నల్లజర్ల నుంచి కొల్లేటి లంకల దాకా అందరికీ మేలే. మా అభ్యంతరం వాటి మీద కాదు. ఆ రన్‌వే ఎందుకు వేశారు, అది ఏ చరిత్రకు సాక్ష్యం, కనీసం ఒక ముక్కనైనా గుర్తుగా ఉంచుదామా అన్న మాట ఈ ప్రకటనల్లో ఎక్కడా మాకు కనపడలేదు. ఎకరాల లెక్క ఉంది, అంచనా వ్యయాల లెక్క ఉంది. సిపాయి ఊసు లేదు.

ఆ సిపాయి మరీ దూరాన కూడా లేడు. అదే తాడేపల్లిగూడెం మండలంలో మాధవరం ఉంది. మిలటరీ మాధవరం అంటే తప్ప ఆ ఊరిని గుర్తుపట్టనివాళ్లు జిల్లాలో చాలామంది. పూసపాటి రాజుల కాలంలో ఆరుగొలను కోటకు కాపలాగా తెచ్చి నిలిపిన సైనిక కుటుంబాలే తమ పూర్వీకులని ఊరివాళ్లు చెప్పుకుంటారు. ఊరి లెక్క ప్రకారం మొదటి ప్రపంచయుద్ధానికి ఇక్కడి నుంచి 90 మంది వెళ్లారు. రెండో యుద్ధానికి 1,110 మంది వెళ్లారు. ఒక్క ఊరి నుంచి! సుబేదార్ వేంపల్లి వెంకటాచలం రావుబహదూర్ బిరుదు పొందినది ఈ ఊరి నుంచి వెళ్లే. తర్వాత చైనా, పాకిస్తాన్ యుద్ధాలు వచ్చినా ఆ వరస ఆగలేదు. తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ యూనిఫారం వేసిన ఇళ్లు అక్కడ వింత కాదు. సిపాయి ఇంటికి వెళ్తే ముందు గోడ మీద టోపీతో దిగిన నలుపు తెలుపు ఫొటో కనిపిస్తుంది. దాని కింద నల్లరంగు ఇనప ట్రంకుపెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు. పింఛను పుస్తకం, డిశ్చార్జి కాగితాలు, పతకాలు అన్నీ అందులోనే. ఆ ఇంటికి సంబంధించినంత వరకు మ్యూజియం, ట్రెజరీ ఆఫీసు రెండూ ఆ పెట్టే.

ఈ మనుషులు ఏ గుర్తింపు చూసి వెళ్లారు? పంతొమ్మిదో శతాబ్దం చివర్లో లార్డ్ రాబర్ట్స్ వంటి సేనాపతులు మద్రాసు ప్రెసిడెన్సీ వాళ్లు యుద్ధానికి పనికిరారని తేల్చేశారు. వీరజాతులంటే ఉత్తరాదివేనని ఒక సిద్ధాంతం అల్లి, మద్రాసు పటాలాలను ఒకదాని తర్వాత ఒకటి రద్దు చేసుకుంటూ పోయారు. కర్ణాటక యుద్ధాల నుంచి ఈస్టిండియా కంపెనీకి కోటలు గెలిచిపెట్టిన పటాలాలు అవి. రెండో ప్రపంచయుద్ధం మీద పడ్డాక మళ్లీ మద్రాసు రెజిమెంటు కావాల్సి వచ్చింది, మాధవరం లాంటి ఊళ్లు కావాల్సి వచ్చాయి. అవసరానికి పిలవడం, అవసరం తీరాక మరిచిపోవడం అప్పుడే మొదలైంది. తెల్లదొరలు పోయారు గానీ ఆ అలవాటు పోలేదు.

జీతం సంగతి చూద్దాం. 1857 తిరుగుబాటు నాటికి సిపాయి నెల జీతం ఏడు రూపాయలు. తరాలు గడిచినా ఆ ఏడు ఏడుగానే ఉండి, 1895లో తొమ్మిదయింది. మొదటి ప్రపంచయుద్ధానికి మాధవరం కుర్రాళ్లు వెళ్లేనాటికి అది పదకొండు. యుద్ధం మధ్యలో ఉచిత రేషన్ ఇచ్చేదాకా తిండి ఖర్చు కూడా అందులోంచే పెట్టుకోవాలి. ఫ్రాన్స్ మంచులో, మెసపొటేమియా ఎండలో ప్రాణం ఒడ్డినందుకు నెలకు పదకొండు రూపాయలు.

జీతం నిలిపేస్తే ఏమవుతుందో ఈ నేల అంతకు చాలా ముందే చూసింది. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధం గెలిచిన ఇంగ్లీషు కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచివాళ్లను తరుముతూ ఏలూరు దాకా వచ్చి, చేతిలో డబ్బు లేక అక్కడ ఆగిపోయాడు. విజయనగరం ఆనందరాజు ఇస్తానన్న సొమ్ము ఇవ్వడానికి రోజులు జరిపాడు. 1759 మార్చిలో బందరు కోట ముందు మోహరించాక ఫోర్డ్ సొంత తెల్లసైనికులే ఎదురు తిరిగారు. బాకీ జీతం, కొల్లసొమ్ములో వాటా తేలిస్తేనే యుద్ధం, లేదంటే వెళ్లిపోతామన్నారు. బతిమాలి, మాటిచ్చి, ఎలాగో నిలబెట్టి ఏప్రిల్‌లో కోట పట్టాడు. యాభై ఏళ్ల తర్వాత, 1809లో, అదే బందరులో మద్రాస్ యూరోపియన్ రెజిమెంటు అధికారులు తమ భత్యాలు కోశారన్న కోపంతో సొంత కమాండరునే నిర్బంధించారు. వాళ్లు అడిగితే దాన్ని సైనికాధికారుల అసంతృప్తి అని చరిత్రలో రాసుకున్నారు. నల్లసిపాయి అడిగిన ప్రతిసారీ అది ద్రోహం.

ఆ బందరు కోట ఇవాళ ఏ స్థితిలో ఉంది? డచ్చివాళ్ల కాలం నుంచి ఇంగ్లీషువాళ్ల దాకా సైన్యం మకాం వేసిన చోటు, కోస్తా ఆంధ్ర రాజ్యాధికారం చేతులు మారిన చోటు, గిలకలదిండి దారిలో కూలుతున్న గోడలుగా మిగిలింది. 1864 నవంబరు 1 నాటి ఉప్పెనను తట్టుకున్న గోడలవి. ఆ ఉప్పెనలో బందరు పరిసరాల్లో ముప్పై వేల మంది పోయారు. ప్రకృతి పడగొట్టలేనిదాన్ని పట్టించుకోకపోవడం పడగొడుతోంది. సంకల్పం ఉంటే నిలబెట్టడం అసాధ్యమేమీ కాదు. కొండపల్లి కోటలో ఇంగ్లీషువాళ్ల బ్యారక్స్ ఇప్పటికీ చూడొచ్చు. ఆ వరసగదుల్లో నిలబడితే ఒక పటాలం ఎలా పడుకుందో, ఎలా తిన్నదో పిల్లలకు పాఠ్యపుస్తకం లేకుండానే అర్థమవుతుంది. కోట అంటే రాజు గది, రాణి స్నానఘట్టం చూపించి ఊరుకునే మన పర్యాటక శాఖ, సిపాయి గదిని కూడా చూపించడం నేర్చుకోవాలి.

ఫ్రాన్స్‌లోని నవ్ షపేల్ అనే చిన్న ఊళ్లో, మొదటి యుద్ధంలో పశ్చిమ రంగంలో చనిపోయి సమాధి కూడా దక్కని 4,700 మందికి పైగా భారతీయ సైనికుల, కార్మికుల పేర్లు రాతిలో చెక్కి 1927లో స్మారకం కట్టారు. బర్మాలోని టౌక్యాన్‌లో దాదాపు 27 వేల పేర్లున్న స్మారకం ఉంది, అందులోనూ మనవాళ్లు ఎందరో. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ రెండు యుద్ధాల్లో మరణించినవాళ్ల జాబితాను పేరుపేరునా నిర్వహిస్తోంది. మన ఢిల్లీలో 2019లో ప్రారంభించిన జాతీయ యుద్ధ స్మారకం స్వాతంత్ర్యం తర్వాతి అమరులది. అది సముచితమే. మరి అంతకు ముందు వెళ్లిన మాధవరం వాళ్లు ఎవరి లెక్కలో ఉన్నారు? పరాయి దేశాల రాళ్ల మీద ఉన్న పేర్లు సొంత జిల్లా రికార్డులో లేకపోతే ఆ తప్పు ఆంగ్లేయులది కాదు, మనది. మాధవరంలో స్మారకం నిలిచిందంటే ఊరివాళ్ల పట్టుదలే కారణం. ఆ పేర్లను, ట్రంకుపెట్టెల్లోని కాగితాలను చెదలు పట్టకముందే సేకరించి, నకళ్లు తీసి, ఒక్క రిజిస్టరులో పెట్టే పని మాత్రం జిల్లా యంత్రాంగానిది. దానికి కోట్లు అక్కర్లేదు. ఒక గది, ఇద్దరు ఉద్యోగులు, ఒక స్కానర్ ఉంటే ఏడాదిలో అయ్యే పని.

స్మారకాల గురించి మాట్లాడి జీతాల దగ్గర ఆగిపోవడం రాజకీయ నాయకులకు సులువు. రాయికి దండ వేస్తే ఫొటో వస్తుంది, జీతం పెంచితే ఖజానాకు ఖర్చు. అందుకే ఈ రెండూ కలిపి అడుగుతున్నాం.

2022 జూన్ 14న కేంద్రం జవాన్లను నాలుగేళ్ల సర్వీసుకు తీసుకునే అగ్నిపథ్ పథకం ప్రకటించింది. మూడు రోజుల తర్వాత సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ తగలబడింది, పోలీసు కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రాడొకడు ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ విధ్వంసాన్ని సమర్థించం. కానీ రెండేళ్లుగా పొద్దున్నే లేచి పరుగులు తీస్తూ, దేహదారుఢ్య పరీక్ష దాటి, రాతపరీక్ష కోసం ఎదురుచూస్తున్న పిల్లలకు ఆ నియామకాలే రద్దని చెప్పినప్పుడు వాళ్ల కడుపు ఎంత మండి ఉంటుందో ఆలోచించినవాళ్లు తక్కువ.

అగ్నిపథ్‌లో చేరే అగ్నివీరుడి జీతం లెక్క ఒకసారి విప్పి చూడండి. మొదటి ఏడాది నెలకు 30,000 అంటారు. అందులో 30 శాతం, అంటే 9,000, సేవానిధికి కోత. చేతికొచ్చేది 21,000. నాలుగో ఏడాదికి జీతం 40,000, కోత 12,000, చేతికి 28,000. నాలుగేళ్ల చివర దాదాపు 11.71 లక్షలు ఇస్తామని ప్రభుత్వం గొప్పగా చెబుతోంది. అందులో 5.02 లక్షలు ఆ కుర్రాడి జీతంలోంచి నెలనెలా కోసిందే. ప్రభుత్వం కలిపేది మరో 5.02 లక్షలు, మిగతాది వడ్డీ. మామూలు సిపాయికి మూలవేతనం 21,700, దాని మీద సైనిక సేవా వేతనం 5,200, ఆపైన ఏటా రెండుసార్లు ధరలతో పాటు కదిలే కరువు భత్యం ఉన్నాయి. అగ్నివీరుడికి సైనిక సేవా వేతనమూ లేదు, కరువు భత్యమూ లేదు. మామూలు సిపాయికి ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు ఉంటే అగ్నివీరుడికి మొత్తం 30. తాడేపల్లిగూడెం స్టేషన్‌లో రైలెక్కి జమ్ము సరిహద్దు చేరి తిరిగి రావడానికే వారం దాకా పోతుంది. నాలుగేళ్ల తర్వాత నూటికి పాతికమందే ఉంటారు. మిగతా డెబ్బై అయిదు మందికి పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు, మాజీ సైనికుడన్న హోదా లేదు. తొలి విడత కుర్రాళ్లు శిక్షణలో చేరింది 2022 చివర, 2023 మొదట్లో. ఆ లెక్కన 2026 చివరి నుంచి వాళ్లు ఇళ్లకు తిరిగి రావడం మొదలవుతుంది. మాధవరంలో మొదటిసారి, ఇరవై రెండు, ఇరవై మూడేళ్లకే మాజీ అయి కూడా మాజీ సైనికుడు కానివాడు ఊరి రచ్చబండ మీద కూర్చుంటాడు.

చనిపోతే మాటేమిటి? 2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ వేళ నియంత్రణ రేఖ దగ్గర శ్రీసత్యసాయి జిల్లా కల్లి తండాకు చెందిన అగ్నివీరుడు మురళీ నాయక్ అమరుడయ్యాడు. రాష్ట్రమంతా కన్నీరు పెట్టింది. రాష్ట్ర ప్రభుత్వం 50 లక్షలు, అయిదెకరాల పొలం, ఇంటిస్థలం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది, దాన్ని అభినందించాలి. కేంద్రం నుంచి బీమా, పరిహారం ఉన్నాయి. నెలనెలా అందే కుటుంబ పింఛను మాత్రం లేదు. పక్క బంకరులో అదే గుండుకు నేలకొరిగిన మామూలు సిపాయి తల్లికి ఉన్న హక్కు ఈ తల్లికి లేదు. సమానంగా చూడమని ఆ తల్లి బొంబాయి హైకోర్టు గడప తొక్కాల్సి వచ్చింది. శత్రువు తూటా పేల్చే ముందు అగ్నివీరుడా, పాత పద్ధతి జవానా అని అడగలేదు. విధుల్లో మరణించిన అగ్నివీరుల కుటుంబాలకు మామూలు సైనికుల కుటుంబాలతో సమానంగా ప్రయోజనాలు ఇవ్వాలని పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘమే సిఫార్సు చేసింది. సిఫార్సు ఫైలులో ఉంది. కుటుంబాలు కోర్టుల్లో ఉన్నాయి.

పాతవాళ్లకైనా సుఖముందా అంటే అదీ లేదు. 1973లో మూడో వేతన సంఘం పేరుతో జవాను పింఛనును చివరి జీతంలో 70 శాతం నుంచి 50కి దించారు. జవాను ముప్పై అయిదు, నలభై ఏళ్లకే ఇంటికి వస్తాడు, గుమాస్తా అరవై దాకా జీతం తీసుకుంటాడు, ఇద్దరికీ ఒకే కొలత పెట్టారు. ఒక ర్యాంకుకు ఒకే పింఛను కోసం నాలుగు దశాబ్దాలు అర్జీలు పెట్టుకున్నారు. 2015లో జంతర్ మంతర్ దగ్గర కూర్చున్న ముసలి సైనికులను, పతకాలు ఛాతీ మీద ఉండగానే, ఆగస్టు 14న ఢిల్లీ పోలీసులు పక్కకు లాగేశారు. మర్నాడు స్వాతంత్ర్య దినోత్సవం. ఆ ఏడాది నవంబరులో ఉత్తర్వు వచ్చింది. అయిదేళ్లకోసారి సవరిస్తామన్న మాట ప్రకారం 2019లో జరగాల్సిన సవరణ 2022 డిసెంబరులో గానీ జరగలేదు, బకాయిల వాయిదాల మీద సుప్రీంకోర్టు రక్షణ శాఖను మందలించాల్సి వచ్చింది. స్పర్శ్ అనే కంప్యూటరు పద్ధతికి మారే హడావుడిలో 2022 ఏప్రిల్ పింఛను 58 వేల మందికి పైగా ఆగిపోయింది. జీవన ధ్రువీకరణ పత్రం నమోదు కాలేదన్నది కారణం. కంటి శుక్లాలతో, అరిగిపోయిన వేలిముద్రలతో మీసేవా కేంద్రం ముందు నిలబడే వితంతువుకు, తాను బతికే ఉన్నానని యంత్రానికి నిరూపించడం ఎంత కష్టమో ఢిల్లీలో పోర్టల్ రాసినవాళ్లకు తెలియదు. భర్త పేరులో ఇంగ్లీషు అక్షరం ఒకటి తేడా వస్తే ఆమె పింఛను నెలల తరబడి ఆగుతుంది.

సరిహద్దులో జవాను బతుకు ఎలా ఉందో వేరే ఎవరో చెప్పనక్కర్లేదు, కాగ్ చెప్పింది. 2020 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చిన నివేదికలో, అతి ఎత్తయిన మంచు ప్రాంతాల్లోని సైనికులకు మంచు కళ్లద్దాలు, బూట్లు చాలలేదని, పాత బూట్లనే బాగుచేసి ఇచ్చారని, రేషన్ ప్రత్యామ్నాయాల వల్ల కేలరీలు 82 శాతం దాకా తగ్గిన సందర్భాలున్నాయని రాసింది. సియాచిన్ పేరు చెప్పి ఉపన్యాసం దంచని నాయకుడు లేడు. అక్కడి బూటు సంగతి అడిగినవాళ్లు ఎందరు?

సొంత ఊళ్లో మరో బాధ. మాజీ సైనికుడికిచ్చిన ప్రభుత్వ భూమిని పదేళ్ల తర్వాత అమ్ముకునే హక్కు 1993 నాటి జీవో 1117 ఇచ్చింది. తీరా కూతురి పెళ్లికో కొడుకు చదువుకో అమ్మబోతే, ఆ సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో ఉందని రిజిస్ట్రారు ఆఫీసులో తిప్పి పంపుతూ వచ్చారు. ఇది కొత్త ఫిర్యాదు కాదు. ప్రతి రెవెన్యూ మంత్రీ విన్నదే, ప్రతి ప్రభుత్వమూ పరిష్కరిస్తామన్నదే. 2022 ఏప్రిల్‌లో పాత పశ్చిమ గోదావరి జిల్లాను విడగొట్టాక నల్లజర్ల తూర్పు గోదావరికి పోయింది, తాడేపల్లిగూడెం భీమవరం కిందికి వచ్చింది, ఏలూరు వేరే జిల్లా అయింది. ఒకే పటాలంలో పనిచేసిన ముగ్గురు ఇరుగుపొరుగువాళ్లు ఇప్పుడు మూడు కలెక్టరేట్లకు అర్జీలు పట్టుకు తిరగాలి.

ఎనిమిదో వేతన సంఘం పని మొదలైంది. సైనిక సేవా వేతనం అధికారికి 15,500, జవానుకు 5,200 అన్న అంతరాన్ని అది మళ్లీ చూడాలి, మంచు ఇద్దరినీ ఒకేలా కోస్తుంది. అగ్నివీరుల్లో కొనసాగేవాళ్ల వాటా పాతిక శాతం దాటాలి, వెళ్లిపోయేవాళ్లకు మాజీ సైనికుడి హోదా, వైద్యం దక్కాలి, అమరుడి ఇంటికి పింఛను అందాలి. ఇవి ఉదారంగా ఇచ్చే దానాలు కావు. చేయించుకున్న పనికి మిగిలిపోయిన కూలి.

తాడేపల్లిగూడెంలో కొత్త విమానాశ్రయం కట్టేటప్పుడు పాత రన్‌వేలో ఒక భాగాన్ని తవ్వకుండా కంచె వేసి ఉంచాలి. దాని పక్కనే గోదావరి, కొల్లేరు ప్రాంతాల సైనికుల పేర్లతో, వాళ్ల కాగితాలతో, ట్రంకుపెట్టెలతో ఒక ప్రదర్శనశాల కట్టాలి. పౌర విమానయాన శాఖ మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు తెలుగువాడే. తాడేపల్లిగూడెం ప్రతినిధి, నరసాపురం ఎంపీ భూపతిరాజు శ్రీనివాసవర్మ కేంద్ర మంత్రివర్గంలోనే ఉన్నారు. నల్లజర్ల ఉన్న రాజమహేంద్రవరం స్థానం నుంచి దగ్గుబాటి పురందేశ్వరి, ఏలూరు నుంచి పుట్టా మహేష్ కుమార్ లోక్‌సభలో ఉన్నారు. నలుగురూ కేంద్రంలో అధికారంలో ఉన్న కూటమివాళ్లే. మీరు కలిసి వెళ్లి రక్షణ మంత్రిని రెండే అడగండి: రన్‌వే ముక్క ఉంచుతారా, అగ్నివీరుడి తల్లికి పింఛను ఇస్తారా? ఏ జవాబు వచ్చినా మాధవరం వెళ్లి, ఊరి మధ్య నిలబడి, ఆ జనానికి చెప్పండి.